నేను అడ్డాకు విస్తరిని

నేను అడ్డాకు విస్తరిని. అల్లూరి సీతారామరాజు జిల్లాలో పాడేరు దాటి ఇంకా పైకెళ్తే కనిపించే కొండవాలు మీద పుట్టాను. నన్ను చూడగానే మీకు పప్పన్నం, పులిహోర గుర్తొస్తాయి. నాకు మా తీగ గుర్తొస్తుంది. అందుకే నా కథ అక్కడి నుంచే చెబుతాను.

మా అమ్మ అడ్డతీగ. దాని మొదలు మనిషి తొడంత లావుంటుంది. అయినా సొంతంగా నిలబడలేదు. జంటలు జంటలుగా వచ్చే నులితీగలతో పక్కనున్న చెట్టును చుట్టుకుని పైకి పాకుతుంది. ముప్ఫై మీటర్ల ఎత్తున, కొమ్మల మీద ఎండ తగిలే చోటికి చేరాక ఆకులు పరుస్తుంది. వృక్షశాస్త్రం లెక్కన చింతచెట్టు మాకు చుట్టమే. మాదీ చిక్కుడు కుటుంబమే. హిమాలయాల దిగువ నుంచి మన తూర్పు కనుమల దాకా మా వాళ్ళున్నారు.

లేత వయసులో నా ఒళ్ళంతా తుప్పురంగు నూగు. ముదిరేకొద్దీ పైవైపు నూగు రాలి, ముదురు పచ్చగా, గట్టిగా తయారయ్యాను. మధ్యలో చీలి, ఆవు గిట్టలా రెండు భాగాలుగా ఉంటాను. మా తోటి ఆకుల్లో కొన్ని మూరెడు వెడల్పు కూడా ఉంటాయి.

ఆ ఎత్తులో మేం ఒంటరిగా లేం. వేసవిలో తీగంతా తెల్లటి పూలు పూస్తుంది. వాడేముందు అవి పసుపు రంగుకు తిరుగుతాయి. పూసినన్నాళ్ళూ తేనెటీగల రొద వినిపిస్తూనే ఉంటుంది. ఒక చెట్టు నుంచి ఇంకో చెట్టుకు అల్లుకున్న తీగల మీదుగా కొండముచ్చులు నేల దిగకుండానే దాటిపోతాయి. జానెడు పైన పొడవుండే మా కాయలు ముట్టుకుంటే ముఖమల్‌లా మెత్తగా ఉంటాయి గానీ లోపల కొయ్యంత గట్టి. పండి ఎండిన కాయ ఎండవేడికి ఫట్టున పేలి గింజలను దూరంగా విసురుతుంది. కొండ పిల్లలు ఆ అడ్డపిక్కలను ఏరుకుని నిప్పుల్లో కాల్చుకు తింటారు. తీగ బెరడు నుంచి తీసిన నారతో పెద్దవాళ్ళు తాళ్ళు పేనుతారు.

మా అమ్మ మీద ఒక నింద ఉంది. చెట్లను చుట్టేసి, బరువుతో వంచేసి, ఎండ తగలనివ్వదని కలప కోసం అడవిని పెంచినవాళ్ళు దాన్ని శత్రువుగా చూశారు. కలప చెట్టు బాగుండాలంటే తీగ నరకాలన్నారు, నరికారు కూడా. మా బరువు చెట్టుకు భారమన్న మాట నిజమే. కానీ అడవంటే దుంగల లెక్క ఒక్కటే కాదు కదా! తేనెటీగకు పువ్వు కావాలి, కోతికి దారి కావాలి, కొండ మీది ఇల్లాలికి నాలుగు రూపాయలు కావాలి. ఇవన్నీ ఇచ్చే తీగకు కూడా అడవిలో చోటుండాలి.

వానలు వెనకబట్టాక ఒక తల్లీ కూతురూ కొడవలి పట్టుకుని మా వాలుకు వచ్చారు. కూతురు చేతికందిన కొమ్మనల్లా లాగబోతే తల్లి ఆపింది.

“లేతాకు ముట్టకమ్మీ! ముదురాకే కొయ్యి. తీగ తెగిందంటే పై ఏడు మనకేటుంటది?”

ఆ ఒక్క మాటలో అడవి శాస్త్రమంతా ఉంది. ఆకు పోయినా తీగకు మళ్ళీ ఆకు వస్తుంది. మొదలు నరికి, తీగనంతా కిందికి లాగి ఒకేసారి దూసుకుంటే మాత్రం అంత లావు తీగ మళ్ళీ పెరగడానికి ఏళ్ళకేళ్ళు పడుతుంది. అలా నరికేవాళ్ళూ ఉన్నారు. ఇంటి దగ్గర అడవి తరిగిపోవడం వల్ల ఆకు కోసం ఇంకా దూరం నడవాల్సి వచ్చి, తొందరలో అలా చేస్తారు.

నన్ను ఎండబెట్టి, మడతలు పడకుండా కట్టకట్టి, మీద రాయి పెట్టారు. కుట్టే రోజున కాసిన్ని నీళ్ళు చిలకరిస్తే మళ్ళీ మెత్తబడ్డాను. ఆ ఇంటి అవ్వ వెదురు చీల్చి తీసిన సన్నటి పుల్లలతో నన్నూ, నాలాంటి ఇంకొన్ని ఆకులనూ అంచు మీద అంచు వేసి గుండ్రంగా కుట్టింది. పులుసు కారకుండా ఎక్కడ ఎంత ఆకు ఎక్కించాలో ఆమె వేళ్ళకు తెలుసు. ఒంటరి ఆకుగా పుట్టిన నేను ఆ పూట విస్తరినయ్యాను.

అక్కడి నుంచి సంతకు. కొండ సరుకుకు దళారి చెప్పిందే ధర కాకూడదనే 1956లో గిరిజన సహకార సంస్థ ఏర్పడింది. అడవిలో తరతరాలుగా ఏరుకుంటున్న చిన్నతరహా ఉత్పత్తులను సేకరించుకుని అమ్ముకునే హక్కు గిరిజనులదేనని 2006 అటవీ హక్కుల చట్టం చెప్పింది. అయినా నన్ను తెచ్చిన తల్లి ఆ రోజు బేరం ఆడలేకపోయింది. నెత్తి మీది కట్టలు మళ్ళీ కొండెక్కించలేక, కొనేవాడు చెప్పిన ధరకే ఇచ్చేసింది. కోత, ఎండబెట్టడం, కుట్టు, నడక, ఇన్నిటికి ఆమె చేతిలో పడిన డబ్బు చూసి నాకు బాధ కలిగింది.

కార్తీకమాసంలో విశాఖపట్నం దగ్గర ఒక ఉసిరి తోటకు వనభోజనాలకు వెళ్ళాను. వేడివేడి అన్నం మీద పప్పు, నెయ్యి పడగానే నాలోంచి ఒక వాసన లేస్తుంది. అది తెలిసిన పెద్దాయన ఒకరు ముద్ద కలుపుకుంటూ, “ఎన్నాళ్ళైందర్రా ఈ వాసన చూసి!” అన్నారు. నా బతుకులో అంతకన్నా గొప్ప క్షణం లేదు.

విస్తళ్ళు చాలక, పక్క బంతికి వేరే పళ్ళేలు వేశారు. ఆకుపచ్చ రంగు, మధ్యలో ఈనె, అన్నీ అచ్చం అరిటాకే. తీరా చూస్తే కాగితం మీద అచ్చు వేసిన బొమ్మ, దానిపైన తడి అంటకుండా సన్నటి ప్లాస్టిక్ పూత. ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ పళ్ళేలు, గ్లాసులు, చెంచాలను 2022 జూలై 1 నుంచి దేశమంతా నిషేధించారు. వాటి స్థానంలోకి ఇలాంటి పూత కాగితాలు వచ్చి కూర్చున్నాయి. పూతను కాగితం నుంచి విడదీయడం కష్టం. మట్టి దాన్ని తినదు, కాలిస్తే పొగ. అడవిని తలుచుకుని తినే పండగ రోజున ఆ చెట్ల కిందే అవి గుట్టగా మిగిలాయి.

మమ్మల్ని యంత్రంలో అచ్చుగుద్ది అమ్మేవాళ్ళూ ఉన్నారు. అది మంచిదే, గట్టిగా నిలుస్తాం, పుల్ల గుచ్చుకునే భయం ఉండదు. కానీ కొందరు ఆకుకూ అట్టకూ మధ్య ప్లాస్టిక్ పొర అతికిస్తారు. పైన నేనే కనిపిస్తాను, కింద నేను లేను. కొనేటప్పుడు అంచు చింపి చూడండి, తెలిసిపోతుంది.

భోజనాలయ్యాక మాలో కొన్నిటిని ఆవులు తినేశాయి. మిగిలినవాళ్ళం తోట మూలన గోతిలో మట్టి కప్పుకుని ఉన్నాం. ఇప్పటికే నా అంచులు నలిగి మెత్తబడ్డాయి. కుట్టిన వెదురు పుల్ల కూడా వదులైంది. త్వరలో ఉసిరి వేళ్ళకు ఎరువునవుతాను. దీనికి నాకు విచారం లేదు, నా పని పూర్తిగా చేశాననే తృప్తి ఉంది.

వెళ్ళేముందు ఒక్క మాట. ఆకులో తిన్నంత మాత్రాన అడవికి మేలు జరిగిపోదు. నరికిన తీగ నుంచి, ఆకలితో అమ్మిన చేతి నుంచి వచ్చిన విస్తరి కూడా పచ్చగానే కనిపిస్తుంది. కాబట్టి ఇంట్లో శుభకార్యం పెట్టుకున్నప్పుడు వంటవాళ్ళతో కూరలు మాట్లాడేటప్పుడే విస్తళ్ళ మాటా మాట్లాడండి. కొన్నాళ్ళు ముందే చెబితే గిరిజన మహిళా సంఘాల దగ్గర నేరుగా దొరుకుతాయి. రెండు రూపాయలు ఎక్కువైనా బేరం ఆడకండి. ఆ రెండు రూపాయలు ఉంటేనే కోసేవాళ్ళకు ముదురాకు కోసం ఆగే ఓపిక ఉంటుంది, తీగ బతుకుతుంది. తిన్నాక ఆకులను చెత్తబండిలో ప్లాస్టిక్‌తో కలిపేయకుండా పశువులకో, పెరట్లో గోతికో చేర్చండి. ఇంత చేస్తే మీ మనవల పెళ్ళి బంతిలో కూడా అడ్డాకు విస్తరి పడుతుంది.