పది శాతమే సార్, ఫ్లాటు!

సిబిల్ స్కోరు 300 దగ్గర మొదలై 900 దగ్గర ఆగుతుంది. ఎంత మొండి బాకీదారుకైనా మూడొందల మార్కులు ఊరికే ఇచ్చే పరీక్ష ఈ దేశంలో ఇదొక్కటే కాబోలు. 750 దాటినవాడి ఫోన్‌కు కారు లోను కాల్స్ తెరిపి లేకుండా వస్తాయి. వాడికి కారు అప్పటికే ఉంటుంది. ఆరొందల దగ్గర చిక్కుకున్నవాడు మాత్రం తానే బ్యాంకుకు వెళ్లాలి. అక్కడ ఏసీ ఉంటుంది, కుర్చీ వేస్తారు, మంచినీళ్లిస్తారు. లోను ఒక్కటే ఇవ్వరు.

అసలు స్కోరే లేనివాడి కథ ఇంకా రసవత్తరం. చేబదులు కూడా ఎరగకుండా, ఫ్రిజ్ నుంచి ఫ్యాను దాకా రొక్కం పెట్టి కొన్న రిటైర్డ్ మాస్టారి రిపోర్టులో మైనస్ ఒకటి కనబడవచ్చు. అప్పు చరిత్ర లేదని దానర్థం. ఆయన ఎవరికీ ఎగ్గొట్టని మాట నిజమే, ఎగ్గొట్టే అవకాశం మాత్రం ఎవరికిచ్చాడని? కనీసం ఇంత స్కోరుండాలని రిజర్వ్ బ్యాంకు ఎక్కడా గీత గీయలేదు. తొలిసారి అప్పు అడిగేవాణ్ణి చరిత్ర లేదన్న ఒక్క కారణంతో తిప్పి పంపొద్దని కూడా చెప్పింది. ఆ మాట బ్రాంచి కౌంటరు దాకా రావడానికి ఆలస్యమవుతోంది. దానికీ కారు లోను దొరికినట్టు లేదు.

ఇక మిగిలింది సెకండ్ హ్యాండ్ కార్ల షెడ్డు. అక్కడి ఏజెంటు బంగారం. "సిబిల్ సంగతి నాకొదిలేయండి సార్. పది శాతమే, ఫ్లాటు!" అంటాడు. నాలుగు లక్షల అప్పు, ఐదేళ్ల గడువు. ఏడాదికి 40 వేల చొప్పున వడ్డీ రెండు లక్షలు. మొత్తం ఆరు లక్షలు, 60 వాయిదాలు, నెలకు సరిగ్గా పదివేలు. కాగితం, కలం అక్కర్లేని లెక్క. అందుకే ఎవరూ కాగితం, కలం తీయరు.

తీస్తే ఏమవుతుంది? చివరి ఏడాదికి అసలులో ముప్పాతిక దాకా తీరిపోయినా, వడ్డీ మాత్రం మొదటి రోజు తీసుకున్న నాలుగు లక్షల మీదే నడుస్తుంటుందని తెలుస్తుంది. తగ్గుతున్న బాకీ మీద కట్టి చూస్తే ఆ పది కాస్తా 17 శాతం దాటుతుంది. తిరిగి ఇచ్చేసిన డబ్బుకు కూడా వడ్డీ కట్టే ఈ భాగ్యం జేబు చిల్లుపడ్డవాడికే దక్కుతుంది. అసలు వార్షిక రేటు ఎంతో ఒక కాగితం మీద రాసి ఇవ్వాలని 2024 అక్టోబరు 1 నుంచి నిబంధన. పేరు కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్. ఇస్తారు కూడా. ఇంటూ మార్కు పెట్టిన చోటల్లా సంతకం చేస్తూ పోయే కట్టలో ఎక్కడో ఉంటుంది.

షూరిటీకి బావమరిది రావాలి. వాయిదా తప్పితే ఆ మచ్చ ఆయన రిపోర్టులోనూ పడుతుందని ఇంట్లో ఎవరూ చెప్పరు. ఆయన లోనుకు వెళ్లిన రోజున బ్యాంకువాళ్లే చెబుతారు.

ఇంతకీ స్కోరు పోయిందెలా? చాలామందికి క్రెడిట్ కార్డు దగ్గరే. పెరిగిన బాకీలో సగం కడితే చాలు, సెటిల్ చేసుకుందామని రికవరీవాళ్లు తియ్యగా పిలుస్తారు. కట్టినవాడు గెలిచాననుకుంటాడు. రిపోర్టులో 'సెటిల్డ్' అని పడుతుంది. తర్వాతి బ్యాంకు దాన్ని 'పూర్తిగా కట్టలేదు' అని చదువుకుంటుంది.

ఒక్కోసారి తప్పు అప్పు తీసుకున్నవాడిది కాకనూపోవచ్చు. ఎప్పుడో తీర్చేసిన లోను ఇంకా బతికే ఉన్నట్టు రిపోర్టు చూపిస్తుంది. దేశంలోని నాలుగు క్రెడిట్ సమాచార సంస్థలూ ఏడాదికోసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. ఫిర్యాదు చేశాక 30 రోజుల్లో సరిచేయకపోతే రోజుకు వంద రూపాయల పరిహారం. జనం దీన్ని ఎందుకో పెద్దగా వాడుకోరు. ఉచితంగా వచ్చేదాని మీద మనవాళ్లకు ఇంత వైరాగ్యం మరెక్కడా కనబడదు.

ఎలాగైతేనేం, కారు వస్తుంది. ఆర్సీలో యజమాని పేరుతోపాటు హైపోథికేషన్ కింద ఫైనాన్స్ కంపెనీ పేరూ ఉంటుంది. చివరి వాయిదా కట్టి, ఎన్‌వోసీ తెచ్చుకుని, ఫారం 35 ఇస్తేనే ఆ పేరు పోతుంది. బండి నేరుగా గుడికి వెళ్తుంది. టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, పూజారి గోత్రం అడుగుతాడు. యజమాని తన గోత్రం మాత్రమే చెబుతాడు.