ఓఎస్సన్న

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ఒకే రైలు దారి మీదున్న ఊళ్ళు. మూడింటిలోనూ ఓఎస్సన్న లేని పేట ఉండదు. అసలు పేరు రేషన్ కార్డులో ఎలా ఉన్నా, కంప్యూటర్లకు ఓఎస్ (ఆపరేటింగ్ సిస్టం) ఎక్కిస్తాడు కాబట్టి ఊరందరి ఫోన్లలో మాత్రం ఆయన 'ఓఎస్ అన్న'. షాపు ఉండదు; ఉంటే మూసి ఉంటుంది. వయసు ఇరవై రెండు నుంచి నలభై దాకా ఎంతైనా కావచ్చు. డిగ్రీ పూర్తి చేశాడో, మధ్యలో ఆపాడో ఎవరూ అడగరు. బండి తాళాల గుత్తికి వేలాడే పెన్‌డ్రైవే ఆయన సర్టిఫికెట్టు.

ఒకప్పుడు ఒక పెన్‌డ్రైవులో ఒక ఓఎస్సే పట్టేది. 2020లో వెంటాయ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వచ్చాక ఆయన సంసారమంతా ఒక్కదాంట్లోకే చేరింది. విండోస్ 10, విండోస్ 11, ఎవరూ అడగని ఉబుంటు, వాటి పక్కనే ఎవరిదో హాల్ టికెట్టు, ఇంకెవరిదో పెళ్ళిపత్రిక, పేరు లేని ఆధార్ జిరాక్సు ఒకటి.

ఎర్రమంచి దగ్గర కియా ఫ్యాక్టరీ 2019లో కార్లు చేయడం మొదలుపెట్టాక, పెనుకొండ చుట్టుపక్కల మొదటి జీతంతో ల్యాప్‌టాప్ కొనే కుర్రాళ్ళు పెరిగారు. నాలుగు వేలు మిగులుతాయని విండోస్ లేనిది కొంటారు. ఇంటికి తెచ్చి ఆన్ చేస్తే నల్ల తెర మీద తెల్ల అక్షరాలు. "ఇంత దుడ్డు పోసి బొమ్మ రానిది తెచ్చినావేమిరా?" అని తల్లి అడుగుతుంది. అప్పుడు వెళ్తుంది ఓఎస్సన్నకు ఫోను.

ఆయన వస్తూనే, "డేటా ఏమన్నా ఉందా?" అంటాడు. సీలు విప్పని డబ్బా ముందు నిలబడి కూడా అదే అడుగుతాడు. "ఏం లేదు, ఫార్మాట్ కొట్టు" అన్నవాళ్ళే కొట్టాక "మా పాప చెవులు కుట్టించిన ఫోటోలు?" అన్న సందర్భాలు చాలా చూసినవాడు.

తర్వాత కుర్చీ జరుపుకుంటాడు. ఒక్కో కంపెనీ ల్యాప్‌టాప్‌కి బూట్ మెనూ ఒక్కో మీట మీద ఉంటుంది. కొన్నిటికి ఎఫ్12, కొన్నిటికి ఎఫ్9, కొన్నిటికి ఎస్కేప్. ఓఎస్సన్న వీటిని గుర్తుపెట్టుకోడు. పవర్ నొక్కి, రెండు చేతులతో పై వరస మొత్తం వాయిస్తాడు. ఏదో ఒకటి తగులుతుంది. చూసేవాళ్ళకు అదే విద్య.

భాష, దేశం, నెక్స్ట్, ఐ యాక్సెప్ట్. ఆ షరతుల్లో ఏముందో మూడు ఊళ్ళలో ఎవరూ చదవలేదు, ఆయనా చదవలేదు. అక్కడ అసలు గండం వస్తుంది: డిస్కు కనబడదు. ఇంటెల్ 11వ తరం నుంచి చాలా ల్యాప్‌టాప్‌లలో స్టోరేజీ డ్రైవరు విడిగా ఇస్తే తప్ప విండోస్ సెటప్‌కు డిస్కు ఆనదు.

"డిస్కు లేకుండానే అమ్మినారా అన్నా?"

"ఉంది. కనబడలేదంతే."

ఈ మాట ఆయన ఎంత నిబ్బరంగా అంటాడంటే, నాస్తికుడైనా నమ్ముతాడు.

శాతాలు ఎక్కుతుంటే ఉగ్గాని, బజ్జీ వస్తాయి. రీస్టార్ట్ అయ్యేటప్పుడు పెన్‌డ్రైవు తీయడమో, బూట్ ఆర్డరు మార్చడమో చేయాలి. బజ్జీలో మిరపకాయ ఘాటుగా ఉన్న రోజు ఆ సంగతి మరిచిపోతాడు. తెర మళ్ళీ మొదటికొచ్చి భాష ఏదని అడుగుతుంది. "ఇప్పుడు రెండో కోటింగ్ పడతాంది" అంటాడు ఓఎస్సన్న. రెండు కోటింగుల విండోస్ మనకే దొరికిందని ఇంటివాళ్ళు పొంగిపోతారు.

చివర్న విండోస్ 11 నెట్ కావాలంటుంది. నెట్‌కు వైఫై డ్రైవరు కావాలి. డ్రైవరుకు నెట్ కావాలి. షిఫ్ట్, ఎఫ్10 కలిపి నొక్కి నల్ల కిటికీ తెరిచి, నెట్ లేకుండానే దాటించడానికి ఆయన ఏదో కొడతాడు. ఇల్లంతా ఊపిరి బిగబడుతుంది. 2025 నుంచి విండోస్ కంపెనీ ఆ దొడ్డిదారులు ఒక్కొక్కటే మూసేస్తోందని ఆయన లోలోపల దిగులు. అదే ఏడాది అక్టోబరు 14న విండోస్ 10కు మద్దతు ఆగిపోయి పాత సిస్టాలన్నీ ఆయన గుమ్మానికే చేరాయి కాబట్టి, దిగులు తిండి దాకా పోలేదు. "టీపీఎం అంటే ఏమన్నా?" అని అడిగితే, "అది లేకుంటే 11 లోపలికి రానీదు" అంటాడు. రానీయకపోయినా రప్పించే టిక్కు ఎక్కడుందో ఆయనకు తెలుసు.

లేపాక్షి గుళ్ళో నేల తాకని స్తంభంలాగే, లైసెన్సు తాకకుండా నిలబడే విండోస్‌ను ఈ ప్రాంతం ఎన్నడూ వింతగా చూడలేదు. తెర మూల 'యాక్టివేట్' అని మసకగా రాసి ఉంటుంది. "అది కంపెనీ పేరు" అని చెప్పి ఓఎస్సన్న లేస్తాడు.

ఛార్జీ ఎంతంటే, "మీ ఇష్టం." ఆ ఇష్టం మూడొందలకు తగ్గితే మొహం మాడుతుంది. హిందూపురం చింతపండు మండీలో సేటు మాత్రం నూట యాభై దగ్గరే పట్టుబడతాడు. "ఫ్రీగా ఉబుంటు వేస్తా, లైసెన్సు గొడవే ఉండదు" అని ఓఎస్సన్న ఒకసారి బెదిరించాడు. "దాంట్లో ట్యాలీ వస్తాదా?" అన్నాడు సేటు. నేరుగా రాదు. బేరం నూట యాభైకే తెగింది.

ఆయన జంకేది ధర్మవరంలోనే. అక్కడ పట్టుచీరల డిజైన్లు ఇప్పుడు కంప్యూటర్లో గీస్తారు. మగ్గం మీది ఎలక్ట్రానిక్ జకార్డుకు పెన్‌డ్రైవులోనే అందిస్తారు. ఓ ఇంట్లో కొత్త సిస్టానికి ఓఎస్ ఎక్కిస్తుంటే, జీవితమంతా జకార్డు అట్టల కింద నేసిన తాత వచ్చి పక్కన కూర్చున్నాడు.

"ఆ ముక్కలో ఏముందబ్బీ?"

"విండోస్, తాతా."

"అంటే మిషను ముందేం చేయాల్నో, తర్వాతేం చేయాల్నో రాసుంటాదన్నమాట. మేము అట్టలకు చిల్లులు కొట్టి చెప్పేటోళ్ళం. అట్టల వరస తప్పితే నెమలి తోక కాడ ముక్కొస్తాది. నీ దాంట్లో వరస ఎవరు చూస్తారు?"

1804లో ఫ్రాన్సులో జకార్డు అనే ఆయన తెచ్చిన ఆ అట్టల దగ్గరే కంప్యూటర్ల చరిత్ర మొదలుపెట్టేవాళ్ళున్నారు. ఓఎస్సన్నకు చరిత్రతో పని లేదు గానీ ప్రశ్న మాత్రం గుచ్చుకుంది. సరిగ్గా అప్పుడే తెర మళ్ళీ భాష ఏదని అడిగింది.

"రెండో కోటింగ్..." అనబోయాడు.

"మొదటి అట్టకాడికే వచ్చిండాది గదప్పా!" అన్నాడు తాత.

ఆ ఇంట్లో ఓఎస్సన్న పెన్‌డ్రైవు పీకేసి, వరస సరిచేసి, ఇచ్చింది లెక్కపెట్టకుండా జేబులో వేసుకుని వచ్చాడు.

ఈ పనంతా ఫోన్లో ఓ వీడియో చూస్తూ ఎవరైనా చేసుకోవచ్చు. ఇరవై నిమిషాలు పడుతుంది. అయినా ఎవరూ చేసుకోరు. సొంతంగా వేసుకుంటే రేపు ఏదన్నా చెడితే ఎవర్ని అనాలి? మూడొందలకు ఓఎస్సన్న అమ్మేది విండోస్ కాదు, జీవితకాలం తిట్టించుకునే పూచీ. ప్రింటరు కదలకపోయినా, వైఫై నసిగినా, పిల్లోడికి మార్కులు తగ్గినా ఆయనదే బాధ్యత. ఆ సంగతి ఆయనకూ తెలుసు కాబట్టే ఏ ఫోనుకూ ఎదురు చెప్పడు.

"అబ్బీ, నువ్వు ఓఎస్ వేసిపోయినకాడ్నుంచి మా హాల్లో ఫ్యాను తిరగడంల్యా!"

"రేపొస్తాలే అక్కా. పెన్‌డ్రైవు తెస్తా."