నేను చుక్క పగ్గాన్ని

నన్ను పేనింది ఎడ్ల కోసం. మూడు పురుల నూలు తాడును, పది అడుగుల పొడవు, గుప్పిట్లో ఒదిగే మందం. ఇంద్రవెల్లి అంగట్లో ముకుతాళ్ల పక్కన, మువ్వల పట్టెడల కింద వేలాడుతూ, పుష్యమాసంలో కెస్లాపూర్ నాగోబా జాతరకు పోయే ఏదో ఒక బండికి నన్ను కొంటారని ఎదురుచూశాను. పగ్గానికి తెలిసిన విద్య ఒక్కటే, చేతిలోని మాటను పశువుకు చేరవేయడం. తోలేవాడు సడలిస్తే ఎద్దుకు అది నడవమన్న మాట, గుంజితే ఆగమన్న మాట. చెయ్యి తిరిగిన మనిషి నోరు తెరవకుండానే బండిని పొలిమేర దాటిస్తాడు.

నన్ను కొన్నది మాత్రం ఒక టీచరమ్మ. జాతర ముగిసి బండ్లు కదిలిపోయాక చెట్టు కింద ఒంటరిగా మిగిలిన కుక్కపిల్ల ఆమె చంకలో ఉంది. కళ్లు తెరిచి ఎన్నో రోజులు కాలేదు. నుదుట తెల్లటి మచ్చ ఉంది కాబట్టి చుక్క అయింది.

ఒక ఆశ్రమ పాఠశాల క్వార్టర్‌లో, బడి పిల్లల అరుపుల మధ్య పెరిగిన చుక్క మనుషులందరికీ మాలిమి అయింది. ఇంకో కుక్క మొహం మాత్రం చూడలేదు. చిరుతల భయంతో ప్రహరీ గేటు ఎప్పుడూ మూసే ఉండేది. కిటికీ ఊచకు కట్టి ఉన్న నేను బయట గూడెం కుక్కల్ని చూసేదాన్ని. వాటి పిల్లలు పొద్దంతా ఒకదాన్నొకటి కొరుక్కుంటూ దొర్లేవి. ఒకటి మరీ గట్టిగా కొరికితే రెండోది కుయ్యిమని ఆట ఆపేసేది. కొరికింది కాసేపు బిత్తరపోయి, మళ్లీ మెల్లగా దగ్గరికి వచ్చేది. తల్లి పెదవి ఎత్తి పన్ను చూపిస్తే పిల్లలు వెనక్కి జరిగేవి. పశువుల వెంట పోయే పెద్ద కుక్కలు కొత్తది ఎదురైతే సూటిగా పోకుండా, ఒంపు తిరిగి పక్కనుంచి పోయి వాసన చూసుకునేవి. ఈ మర్యాదలన్నీ కుక్కకు ఒంటపట్టేది పుట్టిన మూడో వారం నుంచి సుమారు పన్నెండో వారం దాకా. అమెరికాలో జాన్ పాల్ స్కాట్, జాన్ ఫుల్లర్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఏళ్ల తరబడి కుక్కపిల్లల్ని పెంచి చూసి 1965లో రాసిన పుస్తకంలో ఈ సంగతి ఉందని తర్వాత డాక్టరు నోట విన్నాను. ఆ వారాలన్నీ చుక్క గోడల మధ్యే గడిపింది.

బదిలీ మీద టీచరమ్మ కరీంనగర్ వచ్చి కోతిరాంపూర్‌లో అద్దెకు దిగింది. సందు మొదట్లో చికెన్ సెంటర్, దాని ముందు ఐదారు కుక్కలు. మొదటి సాయంత్రం మేం గేటు దాటగానే అవన్నీ లేచి నిలబడ్డాయి. చుక్క తోక కడుపు కిందికి పోయింది. చెవులు తలకు అతుక్కున్నాయి. నల్లగుడ్డు పక్కకు పోయి కంటి తెలుపు బయటపడింది. టీచరమ్మ నన్ను మణికట్టుకు చుట్లు చుట్టి గుంజింది. నా ఒక కొసలో ఆమె నాడి దడదడ, రెండో కొసలో చుక్క గొంతు మీద నా ముడి బిగుసుకోవడం, రెండూ నాకు ఒక్కసారే తెలిశాయి. పారిపోయే దారి లేక చుక్క పళ్లు బయటపెట్టి మొరిగింది. అవతలివి రెట్టించాయి. ఇంట్లోకి వచ్చాక కూడా రాత్రంతా దాని ఒళ్లు వణుకుతూనే ఉంది.

అరుగుల మీదనుంచి సలహాలు వచ్చాయి. "రెండు తగిలియ్యి టీచరమ్మా, సోయిలకొస్తది." "వాటి నడుమ ఇడిచిపెట్టుండ్రి మేడం, అదే అలవాటైతది." ఎదురింటి అవ్వయితే ఉప్పు, మిరపకాయలు తెచ్చి దిష్టి తీసింది. అందరూ చుక్క మంచి కోరే చెప్పారు. ఆ ప్రేమ నిజమైనదే.

పశువుల దవాఖానలో డాక్టరు చుక్కను ముట్టుకోలేదు, బల్ల ఎక్కించమనలేదు. కోరుట్ల పశువైద్య కళాశాలలో చదువుకున్న మనిషి. కుర్చీ పక్కకు తిప్పుకుని, చుక్క వైపు చూడకుండా కూర్చుని, "మేడం, మీరు తాడు ఎట్ల పడ్తున్నరో ఒకపారి సూపెట్టుండ్రి" అన్నాడు. టీచరమ్మ చూపించింది. వేళ్ల కణుపులు తెల్లబడ్డాయి.

"గిదే మొదటి సంగతి. కుక్క కనవడంగనే మీరు గుంజుతున్నరు. దానికేం తెలుస్తది? అమ్మ గూడ భయపడ్డది, నిజంగనే ఏదో ఉన్నది అని తెలుస్తది. మెడ నొస్తది, ఊపిరాడది. అగో, కుక్క కనవడితె నొప్పి అని రాసుకుంటది మనసుల."

అది నేను ఎడ్ల పగ్గంగా పుట్టినప్పటినుంచీ ఎరిగిన విషయమే. చేతిలో ఏముంటే అదే నేను మోసుకుపోతాను. ఆమెలో భయం ఉన్నంతసేపూ నా గుండా అదే ప్రవహించింది.

కుక్కల మధ్య వదిలేయమన్న సలహా గురించి అడిగితే డాక్టరు తల అడ్డంగా ఊపాడు. "బాయిల ఈత నేర్పేటప్పుడు నడుముకు బెండు కట్టి దింపుతం గద మేడం. ఉత్తగ నూకితె కొందరు ఈదుతరు, కొందరు జన్మల నీళ్ల మొకం సూడరు. దీనికి దూరమే బెండు." కొట్టడం సంగతి అసలు ఎత్తొద్దన్నాడు. గుర్రుమన్నందుకు కొడితే కుక్క గుర్రుమనడం మానేస్తుంది, భయం మాత్రం లోపలే ఉంటుంది. ఆ తర్వాత చెప్పకుండానే కరుస్తుంది.

టీచరమ్మకు బీఎడ్‌లో చదువుకున్న పావ్లోవ్ కుక్క, తిండి వస్తుందన్న గుర్తుకే నోరూరించుకున్నది, గుర్తొచ్చింది. డాక్టరు ఇంకో కథ కలిపాడు. 1924లో మేరీ కవర్ జోన్స్ అనే అమెరికా మనస్తత్వవేత్త ఒక పసివాడి గురించి రాసింది. పీటర్ అనే ఆ పిల్లవాడు కుందేలంటే హడలిపోయేవాడు. వాడికి ఇష్టమైనది తినిపిస్తూ, పంజరంలోని కుందేలును ముందు దూరంగా పెట్టి, వాడు బెదరనంత మేరకే కొద్దికొద్దిగా దగ్గరికి జరుపుతూ పోయింది. చివరికి వాడే దాన్ని నిమిరాడు. కుందేలు మారలేదు, దాన్ని చూస్తే వాడి ఒంట్లో పుట్టేది మారింది. చుక్కకు చేయాల్సిందీ అదే.

మరుసటి రోజే నన్ను చుక్క మెడ మీదనుంచి తీసేశారు. కమాన్ దగ్గరి టైలరు వెడల్పాటి నవారుతో ఛాతీ పట్టీ కుట్టిచ్చాడు. నన్ను దాని వెనక కడియానికి కట్టారు. అప్పటినుంచి దాని గొంతు నాకు తగల్లేదు.

పాఠం డాబా మీద మొదలైంది. పిట్టగోడ సందులోంచి కింద సందులో కుక్క కనిపించగానే టీచరమ్మ ఉడికించిన కోడి కార్జం ముక్క చుక్క ముందు పడేసేది. కుక్క కనుమరుగైతే కార్జం ఆగిపోయేది. ఈ వరసలో కిటుకుంది. ముందు కుక్క, వెనక కార్జం. తలకిందులైతే, కార్జం వచ్చిందంటే కుక్క వస్తుందని కార్జాన్ని చూసి కూడా బెదరడం నేర్చుకుంటుంది. చుక్క తినకపోతే బలవంతం లేదు. ప్రాణం గుప్పిట్లో పెట్టుకున్న కుక్కకు ఆకలి ఉండదు. కార్జం ముక్కు ముందున్నా ముట్టలేదంటే దూరం చాల్లేదని అర్థం. అంతకుముందే చిన్న గుర్తులు కనిపించేవి. నిద్ర రాకపోయినా ఆవలించడం, ఊరికే ముక్కు నాక్కోవడం, ఏమీ లేని నేలను వాసన చూడడం, తల పక్కకు తిప్పుకోవడం. టీచరమ్మ వాటిని పిల్లల మొహాలు చదివిన అలవాటుతోనే చదివింది. వెనక బెంచీలో ఏ పిల్లకు పాఠం అందలేదో ఇట్టే కనిపెట్టే మనిషి ఆమె.

కొన్నాళ్లకు కుక్క కనిపించగానే చుక్క దాన్ని చూసి, వెంటనే తిరిగి టీచరమ్మ మొహం చూసింది. నా కార్జం ఏదీ అని. ఆ మెడ తిప్పడం నాకు పురి పురిలో తెలిసింది.

తర్వాత లోయర్ మానేరు డ్యాం కట్ట. తెల్లవారుజామున అక్కడ నడకకు వచ్చేవాళ్లుంటారు, వాళ్ల వెంట కుక్కలుంటాయి. ఎటు చూసినా విశాలం. నా పది అడుగులు నిండుగా వాడింది అక్కడే. దుకాణాల్లో దొరికే కురచ బెల్టుకు ఒంపు తిరిగే జాగా ఉండదు. కుక్క ఎదురొస్తే టీచరమ్మ నన్ను గుంజడం మానేసి, "పద చుక్కా" అని తనే కట్ట వాలు వైపు తిరిగేది. నేను వదులుగా వేలాడుతూ ఉండేదాన్ని. ఒక ఉదయం మరీ దగ్గర్లో ఒక పెద్ద జాతి కుక్క అరిచింది. ఆ తర్వాత రెండు మూడు రోజులు చుక్కను బయటికి తీయలేదు. భయపడ్డ ఒళ్లు చల్లబడ్డానికి రోజులు పడుతుందని, దీపావళి పటాకులప్పుడూ ఇంతేనని డాక్టరు చెప్పాడు.

చుక్కకు కలిసొచ్చిన ఇంకో మేలు కూడా ఉంది, అది చెప్పాలి. మా సందు కుక్కల్లో ఒక ముసలిది ఉంది. చెవి కొస కత్తిరించి ఉంటుంది, అంటే పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిందన్న గుర్తు. 2023 జంతు జనన నియంత్రణ నిబంధనల ప్రకారం అలాంటి కుక్కలకు రేబిస్ టీకా వేసి, పట్టుకున్న చోటే మళ్లీ వదలాలి. మనుషులకు కుక్కలంటే ఉన్న భయం ఉత్తది కాదు, రేబిస్ లక్షణాలు బయటపడ్డాక మందు లేదు. అందుకే టీకా పడ్డ పాత కుక్కలు ఉన్నచోటే ఉండడం సందుకు క్షేమం. చుక్కకూ క్షేమమే. రోజూ కొత్త మొహాలు ఎదురైతే అది ఎప్పటికి నేర్చుకుంటుంది? ముసలిది నెమ్మదస్తురాలు. పక్కింటి పిల్లగాడు దాన్ని బిస్కెట్లతో పిలుచుకుంటూ సందుకు ఆ వైపు, మేం ఈ వైపు, ఒకే దిక్కుకు నడిచాం. ముఖాముఖి లేదు. ముందు ముసలిది వాసన చూసి వదిలిన స్తంభాన్ని తర్వాత చుక్క చూసేది. నడుమ జాగా రోజురోజుకూ తగ్గింది. చలికాలం వచ్చేసరికి ఒక పొద్దున అది ఒంపు తిరిగి వచ్చి చుక్క తోక దగ్గర వాసన చూసింది. చుక్క గట్టిగా నిలబడి ఓర్చుకుంది. టీచరమ్మ లోపలే మూడు లెక్కపెట్టి "పద" అంది. అక్కడితో చాలు. మొదటి పలకరింపు ఎక్కువసేపు సాగితేనే బెడిసికొడుతుంది.

అసలు పరీక్ష ఒక రాత్రి కరెంటు పోయినప్పుడు వచ్చింది. చికెన్ సెంటర్ దిక్కునుంచి రెండు కొత్త కుక్కలు ఉరికొచ్చాయి. టీచరమ్మ చుక్కకు ముందు నిలబడింది. జేబులోని కార్జం ముక్కలు గుప్పెడు వాటి కాళ్ల ముందు విసిరింది. అవి నేల వెతుక్కుంటుండగా "పద చుక్కా" అని మామూలు గొంతుతో అంది. ఆమె నాడి అప్పుడూ కొట్టుకుంది, నాకు తెలుసు. కానీ ఆ చేయి నన్ను బిగించలేదు. చుక్క మొరగకుండా ఆమె మోకాలి పక్కనే నడిచింది.

హైదరాబాద్‌లో కుక్కల పార్కు ఉందటగా, అక్కడికి తీసుకుపోరాదా అని బంధువులు అడుగుతారు. కొండాపూర్‌లో అది 2018లో తెరిచారు. కలివిడి కుక్కలకు బాగుంటుంది. చుక్కకు మాత్రం తెలియని ఇరవై కుక్కల మధ్య, పోవడానికి దారి లేని కంచెలోపల పండగేమీ ఉండదు. దానికి ముసలిది ఒక్కటే స్నేహం. మిగతా కుక్కలు దూరంగా పోతుంటే చూసి ఊరుకోగలదు. నా లెక్కలో అది నిండు బతుకే. దసరాకు సందంతా మాంసం వాసన పట్టి ఎక్కడెక్కడి కుక్కలో చేరినప్పుడు టీచరమ్మ ఇప్పటికీ చుక్కను వెనక గల్లీనుంచే తిప్పుతుంది.

మొన్న పక్కింటి పిల్లగాడు జగిత్యాల నుంచి ఒక పిల్లను తెచ్చాడు. ఆరేడు వారాలుంటాయేమో. టీచరమ్మ వాడిని కూర్చోబెట్టి చెప్పింది. మొదటి టీకా ఇప్పుడే వేయించాలని, టీకాలన్నీ పూర్తయ్యేదాకా రోడ్డు మీద దించకుండా చంకలో ఎత్తుకుని బస్సుల చప్పుడు, పిల్లలు, దూరంనుంచి కుక్కలు అన్నీ చూపించాలని, ఈ వారాలు పోతే మళ్లీ రావని.

పిల్ల వాడి చంకలోంచి చుక్క వైపు మూతి చాచింది. చుక్క పెదవి కొంచెం ఎత్తి సన్నగా గుర్రుమంది. వాడు గాభరాపడి, "టీచర్, కరుస్తదా?" అన్నాడు.

"కరువది. గింత దగ్గరికి రాకు అంటున్నది, గంతే. పిల్లకు అర్థమైంది సూడు, తల తిప్పుకున్నది. నువ్వు రెండడుగులు ఎనుకకు పో."

వాడు పోయాడు. చుక్క నోరు మూసుకుంది. "రేపు గూడ తీస్కరానా?"

"తీస్కరా తమ్మీ. ఇదే జాగల నిలవడు."