బిల్లు బాబాయి

శాన్‌ఫ్రాన్సిస్కో బే ఏరియాలో తెలుగువాళ్ళు పదిమంది చేరిన ప్రతిచోటా ఒక బిల్లు బాబాయి ఉంటాడు. ఫ్రీమాంట్‌లో ఉంటాడు, సన్నీవేల్‌లో ఉంటాడు, మిల్పీటస్‌లో అయితే వీధికొకడు. అసలు పేరు పాస్‌పోర్టులో ఉంటుంది కానీ దాంతో పిలిచేవాళ్ళు లేరు. యాభై దాటిన వయసు. చొక్కా జేబులో దగ్గరిచూపు కళ్ళజోడు, దాని వెనక మడతలు పెట్టిన రసీదులు. హోటల్లో అందరూ మెనూని పైనుంచి కిందికి చదివితే ఆయన కిందినుంచి పైకి చదువుతాడు. బిర్యానీ ఎలా ఉంటుందని అడగడు. "ఈ అడుగున నాలుగు శాతం అని రాశారు, ఇది దేనికి బాబూ?" అని అడుగుతాడు. ఆ కుర్రాడు ఉద్యోగంలో చేరి రెండు రోజులే అయి ఉంటుంది. పాపం, మేనేజర్ని పిలుచుకొస్తానని లోపలికి వెళ్ళి మళ్ళీ కనిపించడు.

ఆయన పిసినారి అనుకుంటే తప్పు. తిండి నచ్చితే వంద డాలర్ల బిల్లుకు ఇరవై టిప్పు పెట్టి లేస్తాడు. చెప్పకుండా కలిపిన డాలరు డెబ్బై అయిదు సెంట్ల కోసం మాత్రం ముప్పావుగంట నిలబడతాడు. అంతసేపూ పిన్ని చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని, ఈ మనిషెవరో తనకు తెలియదన్నట్టు కిటికీలోంచి పార్కింగ్ వైపు చూస్తూ ఉంటుంది. పిల్లలు అప్పటికే కారెక్కేసి ఉంటారు.

ఈ పట్టుదల ఏలూరులో పుట్టింది. సబ్బు మీద, బిస్కెట్ పొట్లం మీద "అన్ని పన్నులతో కలిపి" అని గరిష్ఠ ధర అచ్చువేసే దేశం నుంచి వచ్చినవాడు. అమెరికా వచ్చిన కొత్తలో 99 సెంట్ల దువ్వెనకి లెక్కపెట్టి 99 సెంట్లు బల్ల మీద పెట్టి, దువ్వెన జేబులో వేసుకోబోయాడు. గల్లాపెట్టె దగ్గర అమ్మాయి ఇంకా డబ్బులంది. ఆరోజు మొదలు. కాలిఫోర్నియాలో ఇప్పుడు అమ్మకం పన్ను 7.25 శాతం నుంచి మొదలవుతుంది. ఆపైన కౌంటీ, ఊరు తమ వాటా కలుపుతాయి. కూల్‌డ్రింకు డబ్బాకి 5 సెంట్ల డిపాజిట్, పెద్ద సీసాకి 10. పన్ను సర్కారుది, అడగడానికి లేదని బాబాయి సర్దుకున్నాడు. డిపాజిట్ తిరిగొస్తుంది, గరాజ్‌లో కారుకి చోటు లేకుండా పేరుకున్న ఖాళీ డబ్బాలే అందుకు సాక్ష్యం.

ఆయన సర్దుకోలేనిది మూడో రకం. సర్కారుకీ పోదు, తిరిగీ రాదు. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నల్ని గ్రాండ్ కాన్యన్ చూపించే దారిలో లాస్ వేగాస్‌లో గది తీసుకుంటే దాని మీద "రిసార్ట్ ఫీజు" పడింది. గది అద్దె కంటే ఈ ఫీజే ఎక్కువయ్యే రాత్రులు ఆ ఊళ్ళో కొత్త కాదు. ఈత కొలనుకీ, వ్యాయామశాలకీ, వైఫైకీ అన్నారు కౌంటర్లో. ఎనభై ఏళ్ళ తల్లి ఈత కొట్టదనీ, తండ్రి వ్యాయామం వాకిట్లో తులసికోట చుట్టూ తిరగడమేననీ బాబాయి వాదించాడు. తప్పనిసరి అన్నారు. తప్పనిసరి అయితే ముందే అద్దెలో కలిపి చెప్పొచ్చుగా అన్నది ఆయన ప్రశ్న. దానికి కౌంటర్లో ఎవరూ జవాబు చెప్పలేదు.

జవాబు బర్క్‌లీలో దొరికింది. ఒకరు కొన్న టికెట్లు ఇంకొకరికి తిరిగి అమ్మే స్టబ్‌హబ్ అనే కంపెనీ 2014లో బుద్ధిగా ఫీజులన్నీ కలిపి ఒకే ధర చూపించడం మొదలుపెట్టింది. 2015లో ఒక పరీక్ష చేసింది: కొంతమంది కొనుగోలుదారులకు మొత్తం ధర మొదట్లోనే, మిగతావాళ్ళకి ఫీజులు చివరి పేజీలో. బర్క్‌లీ విశ్వవిద్యాలయ ప్రొఫెసర్ స్టీవెన్ టాడెలిస్, ఆయన సహ పరిశోధకులు ఆ లెక్కలు విప్పి చూపించారు. చివర్లో ఫీజు చూసినవాళ్ళు దాదాపు 21 శాతం ఎక్కువ ఖర్చుపెట్టారట. కొనకుండా వెనక్కి తిరిగినవాళ్ళూ తక్కువేనట. సీటు ఎంచుకుని, పేరు కొట్టి, కార్డు నంబరు వేశాక మనిషి వెనక్కి వెళ్ళడు. నిజం చెప్పి నష్టపోవడం ఎందుకని కంపెనీ పాత పద్ధతికే వెళ్ళిపోయింది. బాబాయి ఈ కథని ప్రతి పుట్టినరోజు పార్టీలోనూ కేకు కోసేలోపు చెబుతాడు. ఒక్క వ్యాపారి మంచివాడైతే సరిపోదు, పక్కవాడికీ అదే రూలు ఉండాలి అన్నది ఆయన వాదన. ఆయన చెప్పేవాటిలో ఇదొక్కటి మాత్రం నోరు మూసుకుని వినదగ్గ మాట.

ఆ రూలు 2023 అక్టోబరులో వచ్చింది. నాపా ప్రాంతపు రాష్ట్ర సెనేటర్ బిల్ డాడ్, బర్క్‌లీ సెనేటర్ నాన్సీ స్కిన్నర్ కలిసి తెచ్చిన ఎస్‌బీ 478 అనే బిల్లు మీద గవర్నర్ న్యూసమ్ సంతకం పెట్టాడు. అమలు 2024 జులై 1 నుంచి. సారాంశం ఒక్క ముక్కే: ప్రకటించే ధరలో తప్పనిసరి ఫీజులన్నీ కలిసే ఉండాలి. సర్కారు విధించే పన్నులు, సరుకు చేరవేసే ఖర్చు మాత్రం విడిగా చూపొచ్చు. అడుగున చిన్నక్షరాల్లో రాశాం కదా అంటే చెల్లదు. సంతకం పడిన రోజు బాబాయి ఇంట్లో పరమాన్నం వండారు. "అక్కడ ఫోర్‌ట్వంటీ గాళ్ళకి ఇక్కడ ఫోర్‌సెవెంటీఎయిట్!" అని వాట్సాప్ గ్రూపుల్లో పెట్టాడు. పిన్ని ఉన్న గ్రూపులో రెండుసార్లు పెట్టాడు.

అమలుకి కొన్ని వారాల ముందు రాష్ట్ర అటార్నీ జనరల్ రాబ్ బాంటా కార్యాలయం ఈ రూలు హోటళ్ళకీ వర్తిస్తుందని వివరణ ఇచ్చింది. దాంతో భోజనశాలల యజమానులు లబోదిబోమన్నారు. వాళ్ళ గోడుకీ ఒక చరిత్ర ఉంది. శాన్‌ఫ్రాన్సిస్కోలో 20 మంది, ఆపైన పనివాళ్ళున్న యజమాని వాళ్ళ ఆరోగ్యానికి ఇంత ఖర్చుపెట్టాలని 2008లో నగర నిబంధన అమల్లోకి వచ్చింది. చాలా హోటళ్ళు దోసె ధర పెంచలేదు, శాండ్‌విచ్ ధర పెంచలేదు. బిల్లు అడుగున "ఎస్‌ఎఫ్ మాండేట్స్" అని ఒక గీత గీసి కొన్ని శాతాలు కలిపాయి. తిన్నవాడు నగరాన్ని తిట్టుకోవాలి, తమని కాదు, అదీ ఎత్తు. 2013లో సిటీ అటార్నీ డెన్నిస్ హెరేరా లెక్కలడిగాడు. ఆరోగ్యం పేరు చెప్పి వసూలు చేసిందంతా పనివాళ్ళ దాకా చేరలేదని తేలి, అనేక హోటళ్ళు డబ్బు కక్కాయి. బాబాయికి ఈ భాగం మంచినీళ్ళ ప్రాయం. ఎక్కడ కూర్చున్నా చెబుతాడు, శాన్‌ఫ్రాన్సిస్కో హోటల్లో కూర్చుని ఇంకా గట్టిగా చెబుతాడు.

ఇక 2024 జూన్ 29. రెండు రోజుల్లో అమలు. ఆ శనివారం గవర్నర్ మరో బిల్లు మీద సంతకం పెట్టాడు, ఎస్‌బీ 1524. హోటళ్ళు, బార్లు, తిండిబళ్ళు సర్‌ఛార్జిని విడిగానే వేసుకోవచ్చు. మెనూలో, ప్రకటనలో, ధర కనిపించే ప్రతిచోటా అదెంతో, దేనికో స్పష్టంగా రాస్తే చాలు. తెచ్చిందెవరు? మళ్ళీ బిల్ డాడే. బాబాయి ఆ సాయంత్రం అన్నం తినలేదు. ఒక చేత్తో ముడి వేసి రెండో చేత్తో విప్పాడని మండిపడ్డాడు. తెల్లారేసరికి కొంచెం తేరుకున్నాడు. "స్పష్టంగా" అని ఉంది కదా చట్టంలో, ఎంత స్పష్టంగా? చిన్న స్కేలు కొనుక్కొచ్చి జేబులో రసీదుల పక్కన పెట్టుకున్నాడు. అక్షరం ఎత్తు కొలుస్తాడు.

నిజం చెప్పాలంటే, ఆ సడలింపు లేకపోతే ఆయన నిరుద్యోగి అయిపోయేవాడు. గదులు, టికెట్ల దగ్గర ఆయనకి పని తగ్గిపోయింది. కేంద్రంలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ తెచ్చిన నియమం 2025 మే 12 నుంచి దేశమంతటా అమలవుతోంది. అది కచేరీలు, ఆటల్లాంటి వాటి టికెట్లకూ, హోటల్ గదుల్లాంటి తాత్కాలిక బసలకూ మాత్రమే పరిమితం. దాంతో వేగాస్ గది మొదటి పేజీలోనే అసలు ధర చూపిస్తోంది. బాబాయి చూశాడు, మళ్ళీ చూశాడు. "అదేంటి, తగ్గలేదే?" అన్నాడు. తగ్గించమని ఏ చట్టమూ చెప్పలేదు. ఎంత వసూలు చేసినా ఫరవాలేదు, దాచకు అని చెప్పింది. అంతకుముందు 39కి చేయి చాపి ఎనభై ఇచ్చేవాడు, ఇప్పుడు ఎనభై చూసి ఎనభై ఇస్తున్నాడు. తేడా ఏమిటంటే, ఎనభై అని ముందే కనిపిస్తే పక్క హోటల్ డెబ్బై రెండూ కనిపిస్తుంది. ఆయన డెబ్బై రెండుకి వెళ్ళాడు. పోట్లాడ్డానికి ఏమీ దొరక్క ఆ రాత్రి నిద్రపట్టలేదని పిన్ని చెప్పింది.

తీరిక దొరికింది కాబట్టి ఇతర రాష్ట్రాల మీద పడ్డాడు. చుట్టాలకు పుట్టినరోజులు మరిచిపోతాడు గానీ చట్టం అమలైన రోజున ఫోన్ చేసి శుభాకాంక్షలు చెబుతాడు. మినెసోటా తోడల్లుడికి 2025 జనవరి 1న రెండు శుభాకాంక్షలు, ఒకటి కొత్త సంవత్సరానికి. వర్జీనియా మేనల్లుడికి జులై 1న. మసాచుసెట్స్‌లో కూతురి స్నేహితురాలికి సెప్టెంబరు 2న, అక్కడిది అటార్నీ జనరల్ తెచ్చిన నిబంధన అని వివరణతో సహా. కొలరాడోకి 2026 జనవరి 1. హైదరాబాదులో తమ్ముడి కొడుకు ఆన్‌లైన్లో సినిమా టికెట్టు కొని కన్వీనియన్స్ ఫీజు గురించి గొణిగితే, ఫోన్లో గంటసేపు పాఠం చెప్పాడు. చివరి పేజీలో ధర పెంచే ఎత్తుగడ 2023 నవంబరు 30న భారత కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ జారీ చేసిన 13 తప్పుడు పద్ధతుల జాబితాలో ఉంది. హోటళ్ళు సర్వీస్ ఛార్జి బలవంతంగా వేయకూడదన్న 2022 నాటి మార్గదర్శకాలను ఢిల్లీ హైకోర్టు 2025 మార్చి 28న సమర్థించింది. కుర్రాడు ఫోన్ బల్ల మీద పెట్టి సినిమాకి వెళ్ళొచ్చాడని వినికిడి.

ఇంతటివాడికి కొడుకు పెళ్ళి కుదిరింది. అమ్మాయిది డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉద్యోగం, తండ్రి తణుకులో రిటైరైన బ్యాంకు మేనేజర్. మొదటి ఫోన్లో బాబాయి, "మాకేమీ వద్దండీ, అమ్మాయిని పంపితే చాలు" అన్నాడు. రెండో ఫోన్లో విడిదికి ఏసీ గదులు ముప్పై అయితే బాగుంటుందన్నాడు. మూడో ఫోన్లో ఆడపడుచు లాంఛనం ఒకటి వచ్చింది, ఆనవాయితీ అట. నాలుగో ఫోన్లో మేనమామకి బట్టలు, వియ్యపురాలికి వెండి పళ్ళెం, తిరుగు ప్రయాణంలో సారె. ప్రతిసారీ చిన్న మొత్తమే. ప్రతిసారీ చివర్లోనే.

బ్యాంకు మేనేజరుగారు తొణకలేదు. వాట్సాప్‌లో ఒక ఎక్సెల్ షీటు పంపాడు. "బావగారూ, తప్పనిసరివన్నీ ఇందులో నింపి పంపండి. తర్వాత కొత్త వరసలు కలపకూడదు. మీ రాష్ట్రంలో ఇదే చట్టమట కదా, మా అమ్మాయి చెప్పింది."

పిన్ని ఆ మెసేజ్ పైకి చదివి, కన్నీళ్ళొచ్చేదాకా నవ్వింది. ఆవిడ నవ్వులో ముప్పై ఏళ్ళ హోటల్ కిటికీలన్నీ ఉన్నాయి. బాబాయి కళ్ళజోడు తుడుచుకుని షీటులో వరసలు ఒక్కొక్కటే కొట్టేశాడు. మిగిలింది ఒకటే: పెళ్ళి ఖర్చు, చెరి సగం. అమెరికా చట్టం దాకా పోనక్కర్లేదు కూడా. పెళ్ళి పేరు మీద అడిగి పుచ్చుకునేదాన్ని భారతదేశం 1961లోనే నిషేధించింది.

కాబట్టి బాబాయిని పెళ్ళివిషయాలు అడక్కండి, బిల్లులు మాత్రం నిరభ్యంతరంగా చూపించండి. కాలిఫోర్నియాలో ఉన్నవాళ్ళు మొదట ఒక ధర, చివర ఒక ధర కనిపిస్తే రెండు తెరలూ ఫొటో తీసి రాష్ట్ర అటార్నీ జనరల్ వెబ్‌సైటులో ఫిర్యాదు పెట్టొచ్చు, ఖర్చు లేదు. మన దేశంలో అయితే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915. అక్కడ తెలుగులోనూ మాట్లాడతారు.