డాష్‌బోర్డు మీద కాలింగ్ బెల్

సాయంత్రం ఆరున్నరకు ఎర్రమంజిల్ మెట్రో స్టేషన్ కింద ఇరుక్కున్న బండ్లలో ఒక పాత బ్రిటిష్ కారు ఉందనుకోండి. ముందు పంజాగుట్ట సిగ్నల్, వెనక ఖైరతాబాద్ నుంచి తోసుకొస్తున్న సిటీ బస్సు. ఫస్ట్ గేరు నుంచి సెకండ్‌కు మారితే ఆ పూటకు పండగే. అయినా ఆ కారు యజమాని గారిని రాత్రిళ్లు నిద్రపోనివ్వని దిగులు ఒక్కటే: ఓవర్‌డ్రైవ్ స్విచ్చు పనిచేయడం లేదు.

ఓవర్‌డ్రైవ్ అంటే టాప్ గేరు పైన ఇంకో అంతస్తు. ఖాళీ రోడ్డు మీద కారు వేగం తగ్గకుండానే ఇంజను తిరుగుడు సుమారు ఐదో వంతు తగ్గుతుంది. చప్పుడు తగ్గుతుంది, పెట్రోలు మిగులుతుంది. ఈ కారులోని రకాన్ని ఎడ్గార్ డి నార్మన్‌విల్ అనే ఆయన రూపొందించాడు, షెఫీల్డ్‌లోని లేకాక్ కంపెనీ తయారుచేసింది. స్టాండర్డ్ వాన్‌గార్డ్‌తో మొదలై ట్రయంఫ్, ఎమ్‌జీ, వోల్వోల దాకా వెళ్లింది. కొన్ని ట్రయంఫ్ కార్లలో దాని స్విచ్చు గేర్ నాబ్ మీదే ఉంటుంది, వైరు రాడ్డు లోపలి నుంచి వస్తుంది. గేరు మార్చిన ప్రతిసారీ ఆ వైరు నలుగుతుంది. కొన్నేళ్లకు తెగుతుంది. అది దాని హక్కు.

బాగుచేయాలంటే నాబ్ విప్పాలి, మెత్తటి కొత్త వైరు లాగాలి, సోల్డరింగ్ చేయాలి, స్విచ్చు లోపలి పాయింట్లు రుద్ది శుభ్రం చేయాలి. ఓపికున్న మనిషికి ఒక మధ్యాహ్నం పని. కానీ మన దగ్గర ఓపికకు గిరాకీ లేదు, ఉపాయానికి ఉంది. "ఫికర్ జెయ్యకుర్రి సార్, డైరెక్ట్ కొట్టేస్త" అంటాడు మెకానిక్. ఆ మాటకు యజమాని మొహం వెలిగిపోతుంది. డాష్‌బోర్డుకు డ్రిల్లుతో ఒక బెజ్జం, అందులో ట్రూప్ బజార్‌లో కొన్న ఇంటి స్విచ్చు, కింద నల్ల టేపు చుట్టిన రెండు వైర్లు. యాభై ఏళ్ల కిందట కారుతో పాటు వచ్చిన చెక్క ప్యానెల్ మీద తెల్లటి ప్లాస్టిక్ స్విచ్చు పన్ను ఊడిన చోట సిమెంటు పెట్టినట్టు మెరుస్తూ ఉంటుంది.

ఇంకాస్త కళాపోషణ ఉన్నవాళ్లు కాలింగ్ బెల్ స్విచ్చు పెట్టిస్తారు. అది చూడ్డానికి గుండ్రంగా, పాతకాలం దానిలా ఉంటుందట. వేలు తీస్తే కరెంటు ఆగిపోవడం బెల్ స్విచ్చు స్వభావం. అంచేత అవుటర్ రింగ్ రోడ్డు మీద శంషాబాద్ నుంచి ఘట్‌కేసర్ దాకా ఒక చేత్తో స్టీరింగు పట్టుకుని, రెండో చేతి బొటనవేలితో బెల్లు నొక్కుతూ పోవాలి, ఎప్పటికైనా ఎవరో ఒకరు తలుపు తీయకపోతారా అన్న ఆశతో.

ఇక ఆదివారం పొద్దున ఇడ్లీల దగ్గర దీనికి జరిగే సన్మానం వేరు. "జర్మనీ వాడైతే మొత్తం గేర్‌బాక్సు మార్చమనేవాడు, మనోడు యాభై రూపాయల్లో తేల్చేశాడు. ఇండియన్ బ్రెయిన్ సార్!" అని ఒకరంటారు. మిగతావాళ్లు తలలూపుతారు. ఈ పొగడ్తకు పుస్తకాల అండ కూడా ఉంది. 2012లో నవీ రాజు, జైదీప్ ప్రభు, సిమోన్ అహుజా కలిసి 'జుగాడ్ ఇన్నోవేషన్' అని రాసిన తరవాత, టేపు చుట్టిన ప్రతి వైరూ మేనేజ్‌మెంట్ సిద్ధాంతమై కూర్చుంది. వనరులు లేని చోట పేదవాడి తెలివిని మెచ్చుకోవడం సబబే. నల్గొండ దారిలో రాత్రిపూట బండి ఆగితే ఏ వైరుకు ఏది ముడేసైనా ఇల్లు చేర్చినవాడికి దండం పెట్టాల్సిందే. కానీ కారుకు సిరామిక్ కోటింగ్ అని వేలు పోసేవాడు, సీట్లకు తోలు కుట్టించేవాడు, స్విచ్చు మీద భారం పడకుండా చూసే ఒక రిలే కొనడానికి మాత్రం హఠాత్తుగా పేదవాడైపోయి, ఆ పేదరికానికి ప్రతిభ అని పేరు పెట్టుకుంటే ఏమనాలి? మెకానిక్‌ను తప్పుపట్టను. "ఎంతలో అయితది?" అన్న ప్రశ్నకే అతను జవాబు చెప్పాడు. "ఎట్లయితే మంచిది?" అని అతన్ని ఎవరూ అడగలేదు.

ఈ తెలివి లోపల ఏం చేస్తుందో చూద్దాం. పాత రకం లేకాక్ యూనిట్లలో సోలినాయిడ్, అంటే ఓవర్‌డ్రైవ్‌ను పట్టించే విద్యుదయస్కాంతం, మొదట గుంజేటప్పుడు 15 ఆంపియర్లకు పైగా కరెంటు లాగుతుంది, పట్టు దొరికాక 1 ఆంపియరు చుట్టుపక్కల సర్దుకుంటుంది. ఆ మొదటి దెబ్బ తట్టుకోవడానికే కంపెనీ వాడు మధ్యలో రిలే పెట్టాడు. మన ఇంటి స్విచ్చు మీద 6 ఆంపియర్లని అచ్చేసి ఉంటుంది, అదీ ఏసీ కరెంటుకు. రిలేను తప్పించి నేరుగా కలిపితే నొక్కినప్పుడల్లా లోపల చిన్న దీపావళి. నాలుగు రోజులకు ప్లాస్టిక్ వాసన. "కొత్తది పెట్టినం కద సార్, వాసన వస్తది" అని మెకానిక్, "అవునవును" అని యజమాని.

అసలు కథ ఇంకో స్విచ్చుది. గేర్‌బాక్సు మీద ఇన్‌హిబిటర్ అని ఒక చిన్న స్విచ్చు కూర్చుని ఉంటుంది. బండి పైగేర్లలో ఉంటేనే అది కరెంటును పోనిస్తుంది. రివర్సులో ఓవర్‌డ్రైవ్ పడకుండా కాపలా కాయడం దాని ఉద్యోగం. పడిందా, లోపల ఒకవైపే తిరగడానికి చేసిన క్లచ్చు రోలర్లు నుజ్జునుజ్జవుతాయి. వైరు వెతకడంలో భాగంగా మన మేధావులు దాన్ని కూడా డైరెక్ట్ చేసేస్తారు, అడ్డంగా ఉందని. అడ్డంగా ఉండడమే దాని పని అన్న సంగతి సెల్లారులో పార్కింగ్ నుంచి వెనక్కి తీసేటప్పుడు, కారు అడుగున పళ్లు కొరికిన చప్పుడు వచ్చాక తెలుస్తుంది. ఆ యూనిట్ రాణీగంజ్‌లో దొరకదు, గోషామహల్ పాత సామాన్లలో దొరకదు. ఇంగ్లండ్ నుంచి తెప్పించాలి, కస్టమ్స్ కట్టాలి. యాభై రూపాయల మిగులు అలా లెక్క తేలుతుంది.

ఇది మెకానిక్ షెడ్డులో పుట్టిన జబ్బేమీ కాదు. ఎర్రమంజిల్ గుట్ట మీదికి ఓసారి తలెత్తండి. నవాబు ఫఖ్రుల్ ముల్క్ కట్టించుకున్న మహలు అది. తరవాత సర్కారీ దఫ్తర్ల పాలైంది. ఏలికలకు 2019లో అక్కడ కొత్త అసెంబ్లీ కట్టాలనిపించింది. జూన్‌లో శంకుస్థాపన కూడా అయింది. మరి వారసత్వ కట్టడం కదా అంటే, ఆ కట్టడాలకు రక్షణగా ఉన్న నియమాన్ని 2015లోనే తీసేశాం, కాబట్టి ఇక అడ్డేముంది అన్నది సర్కారు వాదన. అంటే ముందు ఇన్‌హిబిటర్ పీకేశారు, తరవాత నిశ్చింతగా రివర్సు గేరు మీద చెయ్యి వేశారు. అదే ఏడు సెప్టెంబరులో హైకోర్టు మంత్రివర్గ నిర్ణయాన్ని కొట్టేసింది కాబట్టి మహలు మిగిలింది. మన కారు గేర్‌బాక్సుకు హైకోర్టు లేదు.

పక్కనే సాఫ్ట్‌వేర్ కోచింగుల అమీర్‌పేట ఉండగా మెకానిక్ ఒక్కణ్నే ఎత్తిపొడవడం కూడా అన్యాయమే. మూడు నెలల కోర్సుకు మూడేళ్ల అనుభవం అతికించుకుని ఉద్యోగానికి పోయేవాడిదీ డైరెక్ట్ కనెక్షనే. వాడికీ మధ్యలో రిలే లేదు, మొదటి ప్రాజెక్టులోనే వాసన వస్తుంది.

ఇంతకీ మన యజమాని గారికి ఇప్పుడు కొత్త కోరిక పుట్టింది. 50 ఏళ్లు దాటిన బండ్లకు వింటేజ్ గుర్తింపు ఇస్తామని కేంద్రం 2021లో నిబంధనలు తెచ్చింది. 20,000 రూపాయలు కడితే 'వీఏ' అక్షరాలున్న నంబరు ప్లేటు వస్తుంది. బండి తన మొదటి రూపంలోనే ఉండాలి, పెద్ద మార్పులేవీ చేసి ఉండకూడదు అన్నది షరతు. ఖైరతాబాద్‌లో ఎవరైనా అధికారి డాష్‌బోర్డు మీది బెల్లు నొక్కితే ఏం చెప్పాలన్నది ఆయన ఆలోచించలేదు. ఆలోచించే అవసరం కూడా రాకపోవచ్చు. నిన్న అపార్ట్‌మెంట్ నోటీసు బోర్డు మీద ఆయన చేతిరాతతో ఒక ప్రకటన కనిపించింది:

"పాత బ్రిటిష్ కారు అమ్మబడును. పూర్తి ఒరిజినల్ కండిషన్. ఓవర్‌డ్రైవ్ వర్కింగ్ (రెండు చేతులూ ఖాళీగా ఉన్నవారికి). రివర్సు లేదు. కొనేవారు తోసుకుంటూ తీసుకుపోవలెను. మెకానిక్ నంబరు ఉచితం."