ముందు మాటివ్వండి, ఆ తర్వాతే తొక్కండి

సుదూర సైక్లింగ్‌కు దిగేవాళ్లకు అందరూ చెప్పేది ఒకటే: ముందు ఒళ్లు సిద్ధం చేసుకో, ధైర్యం వచ్చాక పేరివ్వు, పూర్తిచేశాక నలుగురికీ చెప్పుకో. నా సలహాలు దీనికి పూర్తిగా తలకిందులు. తెల్లవారుజామున మూడింటికి, హైవే మీద కాళ్లు మొరాయించినప్పుడు, ఒకరికిచ్చిన మాట ముందుకు నడిపిస్తుంది.

1. సిద్ధం కాకముందే ప్రకటించండి

బ్రెవే అంటే గడువులోగా పూర్తిచేయాల్సిన సుదూర సైకిల్ రైడ్. 200 కిలోమీటర్ల బ్రెవేకి గడువు పదమూడున్నర గంటలు, 600కి 40 గంటలు. ఈ అంకెలు చూస్తూ కూర్చుంటే ‘వచ్చే ఏడు చూద్దాంలే’ అనిపిస్తుంది. అదే ఫలానా ఆసుపత్రికి విరాళాల కోసం తొక్కుతున్నానని పదిమందికి చెప్పేశాక, ముసురు పట్టిన ఆదివారం కూడా ఐదింటికే లేస్తారు. అమెరికాలో బిల్లీ స్టార్ 1980లో మొదలుపెట్టిన పాన్-మాస్ ఛాలెంజ్ అనే సైకిల్ రైడ్ డానా-ఫార్బర్ క్యాన్సర్ సంస్థకు నిధులు సేకరిస్తుంది. అక్కడ రైడర్ ఇంత తెస్తానని ముందే ఒప్పుకోవాలి. తగ్గితే ఆ తేడా సొంత కార్డు నుంచి కట్టాలి.

2. అడగడానికి మీకు మొహమాటంగా ఉన్నవాళ్లనే ముందు అడగండి

‘తోచినంత ఇవ్వండి’ అనకండి. ఎంతివ్వాలో తేల్చుకోలేక వాయిదా వేస్తారు. “మావయ్యా, నవంబర్లో 300 కిలోమీటర్లు తొక్కుతున్నా. క్యాన్సర్ ఆసుపత్రిలో పిల్లల కోసం వెయ్యి రూపాయలు కడతావా?” అని సూటిగా అడగండి. ఆ ఒక్క ఫోన్ చేయగలిగితే మిగతావాళ్లను అడగడం తేలిక.

3. మీ కిలోమీటర్ల ఊసు తగ్గించండి

మీ సగటు వేగం ఎవరికీ అక్కర్లేదు. పిల్లలకు క్యాన్సర్ చికిత్స నెలల తరబడి సాగుతుంది. ఊరి నుంచి వచ్చిన తల్లిదండ్రులకు మందుల ఖర్చు ఒకటే కాదు, పట్నంలో గది అద్దె, తిండి, బస్సు ఛార్జీలు, పోయిన కూలి కూడా భారమే. ఆ సంగతి చెప్పండి.

4. పూర్తిచేస్తేనే ఇస్తామంటే ఒప్పుకోకండి

కిలోమీటరుకింత అనే లెక్కా వద్దు. అలా ఒప్పుకుంటే, మోకాలు పట్టేసినా, కళ్లు మూతలు పడుతున్నా, డబ్బు పోతుందన్న భయంతో లారీల పక్కన తొక్కుతూనే ఉంటారు. విరాళం ముందే కట్టించండి. అప్పుడు మధ్యలో ఆగినా పిల్లలకు నష్టం లేదు. ఇచ్చినవాళ్ల పేర్లు ఒక చీటీ మీద రాసి, హ్యాండిల్ వెనక ఫ్రేమ్‌కి సెల్లోటేపుతో అంటించండి. దారిలోని తనిఖీ కేంద్రంలో, అంటే కంట్రోల్‌లో, బ్రెవే కార్డు మీద ముద్ర పడగానే తర్వాతి పేరు చదవండి. వచ్చే కంట్రోల్ దాకా ఆ మనిషి కోసం తొక్కండి. 600 కిలోమీటర్లు ఒక్కసారిగా ఎవరికీ లొంగవు. ఒక్కో పేరు చొప్పున లొంగుతాయి.

5. డబ్బు మీ చేతికి రానివ్వకండి

ఎంత నమ్మకస్తులైనా సరే, విరాళం నేరుగా సంస్థ ఖాతాకే వెళ్లాలి. ఆదాయపు పన్ను మినహాయింపు రసీదు అడిగి ఇప్పించండి. నగదుగా 2,000 రూపాయలు దాటి ఇస్తే ఆ మినహాయింపు వర్తించదని ముందే చెప్పండి. అమెరికా పౌరసత్వం తీసుకున్న బంధువులు ఇవ్వాలంటే సంస్థకు విదేశీ విరాళాల అనుమతి, అంటే ఎఫ్‌సీఆర్‌ఏ, ఉండాలి. ఎంట్రీ ఫీజు, టైర్లు, దారిలో టిఫిన్లు మీ జేబులోంచే.

కొత్త సైకిల్ కొనేదాకా ఆగకండి. ఈ సాయంత్రమే ఒక ఆసుపత్రిని ఎంచుకుని, ఒక్కరికి ఫోన్ చేయండి. మీ శిక్షణ ఆ ఫోన్‌తోనే మొదలవుతుంది.