కట్ట లోపలి ఇల్లు

భద్రాచలంలో పాత ఇల్లు బేరానికొస్తే ముందు కప్పు చూడకూడదు, గోడ చూడాలి. నేల నుంచి ఎంత ఎత్తున సున్నం రంగు మారిందో చూడాలి. అక్కడ గోదావరికి 43 అడుగుల దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు, 48 దగ్గర రెండోది, 53 దగ్గర మూడోది. 1986 ఆగస్టులో నది 75.6 అడుగులకు లేచింది. అంటే ఆఖరి హెచ్చరిక దాటాక మరో ఇరవై రెండడుగుల పైచిలుకు నీళ్ళు. తర్వాత కరకట్ట వచ్చింది. 2022 జులైలో 71.3 అడుగులు వచ్చినా ఊరు చాలామటుకు నిలబడిందంటే ఆ కట్ట చలవే. అయితే కట్ట లోపల ఉన్నాం కదా అని ధీమాగా ఉండటానికీ లేదు. నది పెరిగినప్పుడు స్లూయిస్ తలుపులు దించేస్తారు. ఊళ్ళో కురిసిన వాన బయటికి పోయే దారి ఉండదు. మోటార్లు పెట్టి తోడాలి. అందుకే ఇల్లు ఎంత పాతదని కాదు, ఎంత లోతులో ఉందని అడగాలి.

ఇదంతా మా బావమరిదికి కారులో చెబుతూనే ఉన్నాను. ఖమ్మంలో లెక్చరర్‌గా చేసి రిటైరయ్యాడు. భార్యాభర్తలిద్దరికీ రాముడి గుడికి నడిచి వెళ్ళేంత దగ్గర్లో ఉండాలని కోరిక. గుడికి నాలుగు వీధుల అవతల పెంకుటిల్లు అమ్మకానికుందని తెలిసింది. ఆర్ అండ్ బీలో పనిచేసినవాణ్ణి కదా అని నన్నూ రమ్మన్నాడు.

కొత్తగూడెం, పాల్వంచ దాటి అడవి దారి పట్టాం. రోడ్డు పక్క పల్లెల్లో తాటాకు గుడిసెల సరసనే కొత్త పునాదులు లేస్తున్నాయి. ఇందిరమ్మ ఇళ్ళు. 2024 మార్చి 11న ఆ పథకాన్ని ముఖ్యమంత్రి మొదలుపెట్టింది భద్రాచలంలోనే. ఇంటికి ఐదు లక్షలు, పని జరిగేకొద్దీ విడతలుగా ఇస్తారు. ఒకచోట కారు ఆపించి దిగి చూశాను. నాలుగు మూలలూ మట్టసంగా ఉన్నాయి, పని బాగుంది. జీవితమంతా కట్టడాలు చూసినవాడికి గుడిసె పక్కన పునాది లేవడం కంటే మంచి దృశ్యం ఉండదు.

సారపాక దాటి, వంతెన మీదుగా ఊళ్ళోకి వచ్చాం.

అమ్మే ఆయన షావుకారు. కొడుకు హైదరాబాదులో స్థిరపడ్డాడట, తనూ అక్కడికే వెళ్ళిపోతున్నాడు. మర్యాద తెలిసిన మనిషి. పంచలో కుర్చీలు వేయించి, మంచినీళ్ళు ఇప్పించి, "అంతా తిరిగి చూసుకోండి, ఇందులో దాపరికమేం లేదు" అన్నాడు. ఆయన నిజంగానే ఏదీ దాచలేదు. ఆ మాట చెప్పి తీరాలి.

1965లో వంతెన వచ్చాక ఊరు పెరిగిన రోజుల్లో కట్టిన ఇల్లు. గానుగ సున్నంతో లేపిన మందపాటి గోడలు. వేలి కణుపుతో కొట్టుకుంటూ పోయాను. వంటింట్లో తప్ప ఎక్కడా డొల్ల మోత లేదు. గుమ్మాల దగ్గర తూకపు గుండు వేలాడదీశాను. వీధి గుమ్మం ఒక్కటే కాస్త బయటికి వాలింది. దూలాలు టేకువి. దూలాన్ని నడిమధ్య చూసి మురిసిపోయేవాళ్ళున్నారు. చూడవలసింది గోడలో దిగిన కొనల్ని. చెమ్మ తగిలేదీ, చెదలు ఎక్కేదీ అక్కడే. నిచ్చెన వేయించి, పైకెక్కి, స్క్రూడ్రైవరుతో ప్రతి కొననూ గుచ్చి చూశాను. అన్నీ గట్టిగానే ఉన్నాయి. రెండు వాసాలు మార్చాలి. కోతులు తొక్కి పగలగొట్టిన మంగుళూరు పెంకులు చాలానే మార్చాలి.

నిచ్చెన పట్టుకున్నది ఆ ఇంట్లో పనిచేసే కోయ ఆవిడ. యాభై దగ్గర పడి ఉంటుంది. పొద్దున వాకిలి ఊడ్చి ముగ్గేస్తుంటే చూశాం. మాకు నీళ్ళిచ్చిందీ, బావిలో చేద దించి చూపించిందీ ఆవిడే. "ఈవిడ తండ్రి కూడా మా దగ్గరే కావలి ఉండేవాడు. ఇంటితోపాటు ఈవిడా మీకే. పనిమనిషిని వెతుక్కునే బాధ ఉండదు" అని షావుకారు బావమరిది భార్యతో, అంటే మా చెల్లెమ్మతో, అన్నాడు. చెల్లెమ్మ సంతోషపడింది.

పడకగదిలో కిటికీ మూల నుంచి ఏటవాలుగా దిగిన బీట కనిపించింది. పూత ఎండి నిలువుగా చీలిన బీటలకు నేను భయపడను. ఏటవాలు బీట అలా కాదు, పునాది ఒక పక్క కుంగిందని చెబుతుంది. కుంగడం ఆగిందా, ఇంకా కుంగుతోందా అన్నదే ప్రశ్న. బీటకు అడ్డంగా గాజుపలక అతికించి, తేదీ రాసి, ఒక వానాకాలం ఆగి చూద్దామన్నాను. గాజు పగిలితే కొనకూడదు.

"పగలదు సారూ," అంది ఆవిడ వెనకనుంచి. "ఎనభయ్యారు గోదారప్పుడు పడ్డది. మా నాయిన సున్నం కూరిండు. అప్పటి సంది పెరగలే."

ఆ తర్వాత నన్ను కొట్టుగదిలోకి తీసుకెళ్ళింది. వెల్ల వేయని గోడ మీద, అటక దగ్గర, మట్టిరంగు గీత చూపించింది. ఎనభయ్యారుది. దానికి చాలా కింద, గడపకు జానెడు ఎత్తున, ఇంకో గీత. అది కట్ట వచ్చాక, వాన నీళ్ళు ఎగదన్నినప్పటిది. ఏ వీధి మోరీ ముందు నిండుతుందో, నీళ్ళు పెరటి వైపు నుంచి వస్తాయో వీధి వైపు నుంచో, ఎన్ని రోజులకు తీస్తాయో వరసగా చెప్పింది. ఆ ఇంటి గురించి నా పరికరాలన్నీ కలిసి చెప్పినదానికంటే ఆవిడ చెప్పిందే ఎక్కువ. ఇల్లు తెలిసిన మనిషి ఎలా ఉంటుందో అప్పుడు చూశాను.

బావమరిది పెరట్లో నిలబడి పైన ఒక అంతస్తు వేయవచ్చా అని అడిగాడు. వద్దంటే వద్దన్నాను. 2025 మార్చిలో ఆ ఊళ్ళోనే పాత కట్టడం మీద అంతస్తులు లేపుతున్న భవనం కుప్పకూలి మనుషులు పోయారు. సున్నం గోడ తన కప్పును మోస్తుంది, మన ఆశల్ని మోయదు.

ఇక ధర. ఖమ్మం మామిళ్ళగూడెంలో అంత జాగా ఉన్న ఇంటికి చెప్పే ధరలో మూడో వంతు కూడా లేదు. ఆ చవకకు కారణం నాకు తెలుసు. బావమరిదికి దారిలోనే చెప్పాను. భద్రాచలం షెడ్యూల్డు ప్రాంతం. 1959 భూబదలాయింపు నిబంధనకు 1970లో చేసిన సవరణను అక్కడ అందరూ వన్ ఆఫ్ సెవెంటీ అంటారు. దాని ప్రకారం అక్కడి స్థిరాస్తి గిరిజనులకో, గిరిజనుల సహకార సంఘానికో తప్ప మరొకరికి బదిలీ కాదు. అమ్మేవాడూ కొనేవాడూ ఇద్దరూ గిరిజనేతరులైనా సరే, ఆ అమ్మకం చెల్లదు. గిరిజనేతరుడి చేతిలో ఉన్న ఆస్తి గిరిజనుడి నుంచే వచ్చిందని చట్టం ముందే అనుకుంటుంది. కాదని రుజువు చేసుకోవలసింది అతనే. 1988లో సుప్రీంకోర్టు ఇది రాజ్యాంగబద్ధమే అంది. అప్పుల కింద, మాయ కాగితాల కింద కోయవాళ్ళ భూములు ఎలా పోయాయో తెలిసినవాళ్ళెవరూ ఈ చట్టాన్ని తప్పుపట్టలేరు. నేను పట్టను.

"మరి ఊళ్ళో ఇంతమంది ఎట్లా కొన్నారు బావా?" అని అప్పుడే అడిగాడు బావమరిది. ఆ జవాబు షావుకారు ఇనప్పెట్టెలో ఉంది.

కాగితాలు బల్ల మీద పరిచాడు. పంచాయతీకి కట్టిన ఇంటి పన్ను రసీదులు, కరెంటు బిల్లులు. పాతవాటి మీద ఒక కోయ మగమనిషి పేరు, కొత్తవాటి మీద ఒక ఆడమనిషి పేరు. ఎనభయ్యారు వరద తర్వాత ఈ ఇల్లు చవగ్గా వస్తే షావుకారు తండ్రి ఆ కోయ మనిషి పేరున తీసుకున్నాడట. ఆ మనిషి పోయాక కూతురి పేరు ఎక్కించారు. వీటన్నిటికీ అడుగున ఒక ప్రాంసరీ నోటు ఉంది. ఆ కూతురు షావుకారుకి ముప్పై లక్షలు బాకీ ఉన్నట్టు రాసి, కింద వేలిముద్ర వేయించారు.

"అంత డబ్బు ఆవిడకెందుకిచ్చారు?" అంది చెల్లెమ్మ.

"ఇవ్వలేదమ్మా. అది మనకు భద్రత. రేపెప్పుడైనా ఇల్లు నాదని అడ్డం తిరిగితే, ముందు బాకీ కట్టమంటాం. మీ పేరున కొత్త నోటు రాయిస్తాను. అయినా తిరగదు లెండి, చాలా మంచి మనిషి."

బావమరిది గొంతు సవరించుకున్నాడు. "ఆవిడెక్కడుంటుంది? వేలిముద్రకు రావాలి కదా?"

"రావడమేమిటండీ," అన్నాడు షావుకారు. "పొద్దుటినుంచీ మీకు నిచ్చెన పట్టుకుంది ఎవరనుకున్నారు?"

ఎవరం ఏమీ మాట్లాడలేదు. చెల్లెమ్మ టీ గ్లాసు సగంలోనే బల్ల మీద పెట్టేసింది. కాగితాల మీది యజమాని ఆ గ్లాసు తీసుకుని పెరట్లోకి వెళ్ళింది.

నేను వెనకే వెళ్ళాను. ఎవరో ఒకరు చెప్పాలి. చట్టం తన వైపు ఉందని, ఆ నోటు ఒట్టి ఎత్తుగడేనని, ఇలాంటి కేసులు వినడానికి ఆ ఊళ్ళోనే గిరిజన సంక్షేమ స్పెషల్ డిప్యూటీ కలెక్టర్ కోర్టు ఉందని చెప్పాలనుకున్నాను. ఆవిడ చర్ల రోడ్డులో తాటాకు గుడిసెలో ఉంటుందని అంతకుముందే మాటల్లో తెలిసింది.

"అమ్మా, ఈ ఇల్లు కాగితాల్లో ఎవరి పేరున ఉందో నీకు తెలుసా?"

"తెలవకేం సారూ, నా పేరు మీదనే," అంది గ్లాసులు కడుగుతూ. "ఇందిరమ్మ ఇంటికి రాసుకుంటే, నీకు భద్రాచలంలో సొంతిల్లు ఉన్నదని కొట్టేసిండ్రు. మీరు కొనుక్కున్నంక ఆ పేరొక్కటి తీసేయించండి, మీకు పుణ్యముంటది."